అప్‌డేట్: పాత టెంపెస్ట్‌కే ఓటేశాను

వెబ్లీ కంపెనీ టెంపెస్ట్ స్ప్రింగ్ ఎయిర్ పిస్టల్‌లో (స్ప్రింగ్ బలంతో గాలిని నొక్కి చిన్న గుండును పేల్చేది) బర్మింగ్‌హామ్‌లో చేసిన పాతది మేలా, టర్కీలో తయారైన కొత్తది మేలా అని అడిగాను కదా. రెండూ కాల్చి చూసి, ఇక్కడే ఇంగ్లండ్‌లో పాతది కొన్నాను.

డిజైన్ రెండింటిదీ ఒకటే, 1979 నాటిది. బ్యారెల్‌ను వెనక కొసన పట్టుకుని పైకెత్తి ముందుకు తిప్పితే స్ప్రింగ్ బిగుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే గాలిని నొక్కే పిస్టన్ ముందుకు కాదు, మన చేతి వైపు వస్తుంది. అందుకే ఈ పిస్టల్ కుదుపు విచిత్రంగా ఉంటుంది. గట్టిగా బిగించి పట్టుకున్నంతసేపూ టార్గెట్ మీద నా గుండ్లు చెల్లాచెదురయ్యాయి. పట్టు వదులు చేశాకే దగ్గరకు చేరాయి. పాతదా కొత్తదా అన్నదానికన్నా ఈ పట్టే ఎక్కువ తేడా చూపించింది.

మరి పాతదే ఎందుకంటే, ట్రిగ్గర్ అరిగి మెత్తబడి ఉంది, అది నా వేలికి నచ్చింది. బ్యారెల్ వెనక ఉండే రబ్బరు సీల్ మాత్రం గట్టిపడి గాలి వదిలేసేది. చిన్న ముక్కే, మార్చేశాను. కొత్తదైతే ఈ తంటా ఉండదు. రిపేర్లంటే చిరాకు ఉన్నవాళ్లు అదే తీసుకోండి.

ఇండియాకి తీసుకెళ్తావా అని అడిగారు. అక్కడ లైసెన్స్ మినహాయింపు 0.177 క్యాలిబర్ (బ్యారెల్ లోపలి వ్యాసం, అంగుళాల్లో), గుండు శక్తి 20 జౌళ్ల లోపు ఉన్నవాటికే. నాది 0.22, కాబట్టి ఆ ఆలోచనే లేదు.