పచ్చరాయి, పసిడి: ఒక మాట గురించి

పాతకాలపు లావా పచ్చని రాయిగా మారి నేలలో పొడవుగా సాగిన భాగాన్ని ఇంగ్లీషులో ‘గ్రీన్‌స్టోన్ బెల్ట్’ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలని అడిగారు. ‘పచ్చరాయి’ అనగానే ఉంగరంలో పొదిగే మరకతం గుర్తుకొస్తుంది కాబట్టి ‘హరితశిలా మేఖల’ అనడమే మేలని కొందరు సూచించారు. నేను మాత్రం ‘పచ్చరాతి పట్టీ’ అనే అంటాను.

పచ్చ అన్న మాట ఒక్క రంగుకు కట్టుబడి ఉండదు. గడ్డీ పచ్చనే, చేమంతీ పచ్చనే. పసరు, పసుపు, పసిడి అన్నీ దానికి తోబుట్టువులు. సంస్కృతంలో హరితానికీ హిరణ్యానికీ ఇలాంటి చుట్టరికమే ఉంది. ఆ రాయికి తెలుగులో పేరు పెట్టినా సంస్కృతంలో పెట్టినా అందులో బంగారం తొంగిచూస్తూనే ఉంటుంది.

అనంతపురం వైపు బంగారు గనులున్న రామగిరి దగ్గర ఏరుకున్న రాతి ముక్క ఒకటి నా బల్ల మీద ఉంది. తడిపి వెలుగులో పెడితే ముదురు పసరు రంగు, దాని మధ్యలో వేలి మందాన తెల్లని పలుగురాతి చార కనిపిస్తాయి. ఇది ఒకప్పుడు సముద్రం అడుగున పొర్లిన లావా. అందులోని ఇనుము, మెగ్నీషియం గల ఖనిజాలు భూగర్భంలో వేడికీ నీటికీ లోనై క్లోరైట్, ఆక్టినోలైట్, ఎపిడోట్ అనే పచ్చని ఖనిజాలుగా మారడం వల్ల ఈ రంగు వచ్చింది. గంధకంతో జతకట్టి వేడినీటిలో కరిగిన బంగారం రాతి పగుళ్ల వెంట పైకి వచ్చినప్పుడు, ఈ రాతిలోని ఇనుము ఆ గంధకాన్ని లాక్కొని పైరైట్‌గా మారుతుంది. తోడు పోయిన బంగారం అక్కడే పేరుకుంటుంది. రాతికి పచ్చదనాన్నిచ్చిన ఇనుమే పసిడిని పట్టి నిలుపుతుందన్నమాట.

ఈ లావా ఎక్కడ పుట్టిందో దాని రసాయన కూర్పే చెబుతుంది. గద్వాల పట్టీలో బోనినైట్ అనే అరుదైన శిల దొరికింది. అందులో మెగ్నీషియం, సిలికా ఎక్కువ, టైటానియం మరీ తక్కువ. దానికి పేరునిచ్చిన జపాన్ బోనిన్ దీవుల్లో, ఒక సముద్ర ఫలకం (సముద్రం అడుగున ఉండే భూమి పైపొర ముక్క) మరొకదాని కిందికి దిగే చోట ఇలాంటి లావా పుట్టింది. అందుకే గద్వాలలోనూ సుమారు 270 కోట్ల ఏళ్ల కిందట అలాంటి ద్వీపమాల ఉండేదని పరిశోధకులు భావిస్తున్నారు.

మరకతంతో పొరపాటు పడతామన్న భయం ‘పట్టీ’ చేర్చగానే తీరుతుంది. కోలారు పట్టీ దాదాపు 80 కిలోమీటర్ల పొడవుండి, దాని దక్షిణ భాగం మన చిత్తూరు జిల్లా చిగురుగుంటను తాకుతుంది. అంత పొడవున్నదాన్ని ఎవరూ ఉంగరపు రాయి అనుకోరు. ‘మేఖల’ను పద్యానికి ఉంచుకుందాం, పాఠ్యపుస్తకానికి ‘పట్టీ’ చాలు.