రైస్ మిల్లులో బావ మరణం: మూడు లక్షలకు బాండు పేపరు మీద సంతకం చేయవచ్చా?

ప్రశ్న (దేవరకొండ వాసి):

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బావ మిర్యాలగూడ పక్కనున్న ఒక రైస్ మిల్లులో హమాలీగా పని చేసేవారు. 2024 నవంబరులో, వానాకాలం ధాన్యం ముమ్మరంగా దిగుతున్న రోజుల్లో, పేర్చిన బస్తాలు మీద కూలడంతో అక్కడికక్కడే చనిపోయారు. ఆయన వయసు 35. అక్కకు బడికి వెళ్లే పిల్లలు ఇద్దరు. భర్త లేని అత్తగారు కూడా అక్క దగ్గరే ఉంటారు. దినవారాల ఖర్చుకని యజమాని అప్పట్లో 50,000 రూపాయలు పంపించారు. ఇన్నాళ్లూ మాట దాటవేసి, ఇప్పుడు పెద్దమనుషుల ద్వారా మూడు లక్షలు ఇస్తామని, ఇక ఏ కేసూ వేయబోమని అక్క బాండు పేపరు మీద సంతకం చేయాలని కబురు పెట్టారు. బావ తమ మనిషి కాదని, ముఠా మేస్త్రీ తెచ్చిన కూలీ అని, పైగా ఆ రోజు కల్లు తాగి ఉన్నాడని అంటున్నారు. కూలి నెలకు 18,000 దాకా వచ్చేది, అంతా నగదే. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కార్డు ఇవ్వలేదు. ఏం చేయమంటారు?

జవాబు 1 (హమాలీ సంఘం సభ్యుడు, మిర్యాలగూడ):

తమ్ముడూ, అక్కతో సంతకం చేయించవద్దు. మేస్త్రీ తెచ్చిన కూలీ అనే మాట ప్రతి మిల్లులోనూ వినిపించేదే. బస్తాలు మోయడం, పేర్చడం మిల్లు వ్యాపారంలో భాగం కనుక, ఉద్యోగుల పరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం మేస్త్రీ కింద పనిచేసిన మనిషికి కూడా మిల్లు యజమానే పరిహారం కట్టాలి. ఆ తరువాత మేస్త్రీ దగ్గర వసూలు చేసుకుంటారా లేదా అన్నది వారిద్దరి మధ్య లెక్క. కల్లు సంగతి కూడా అంతే. మత్తులో ఉన్నాడన్న సాకు గాయాల కేసులో పనికి రావచ్చునేమో గాని, మనిషి ప్రాణమే పోయినప్పుడు చట్టం దానిని ఒప్పుకోదు.

మీరు ముందు చూడవలసినవి ఎఫ్ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం నివేదిక. మిల్లు ఆవరణలో పని చేస్తుండగానే బస్తాలు పడ్డాయని వాటిలో ఉందో లేదో చదవండి. ‘ఎక్కడో జారిపడ్డాడు’ అన్నట్టుగా రాసి ఉంటే, అదే ముఠాలో ఆ రోజు పని చేసిన ఇద్దరు ముగ్గురి సాక్ష్యం మీకు ప్రాణం లాంటిది. వారు వేరే మిల్లుకో, వేరే ఊరికో పోకముందే మాట్లాడి పెట్టుకోండి.

జవాబు 2 (విశ్రాంత కార్మిక శాఖ ఉద్యోగి, నల్లగొండ):

పై మిత్రుడు చెప్పినదానికి లెక్క జోడిస్తాను. 2025 నవంబరు 21 నుంచి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది గాని, మీ బావగారి ప్రమాదం అంతకు ముందు జరిగింది కనుక పరిహారం 1923 నాటి ఆ పాత చట్టం ప్రకారమే లెక్కకు వస్తుంది. మరణం సంభవిస్తే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి పట్టికలో ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. జీతం ఎంత ఉన్నా 2020 జనవరి 3 నుంచి లెక్కకు తీసుకునే గరిష్ఠం 15,000 రూపాయలు. 35 ఏళ్లకు గుణకం 197.06. అంటే 7,500ను 197.06తో హెచ్చిస్తే 14,77,950 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు కనీసం 5,000 అదనం. నెల లోపు కట్టని యజమాని 12 శాతం వడ్డీ ఇవ్వాలి, ఇది ఏడాదికే 1,77,354 అవుతుంది. తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే కట్టవలసిన సొమ్ములో సగం దాకా జరిమానా కూడా పడవచ్చు. మూడు లక్షల బేరం ఏపాటిదో ఇక మీరే చూడండి. 18,000 కూలికి కాగితం లేదని భయపడవద్దు. తోటి హమాలీల సాక్ష్యాన్ని, ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనాలను ఆధారం చేసుకోవచ్చు.

అసలు సంగతి 8వ సెక్షన్‌లో ఉంది. మరణ పరిహారాన్ని యజమాని కమిషనర్ (ఈ చట్టం కింద క్లెయిములు తేల్చే అధికారి) దగ్గర జమ చేయాలే తప్ప నేరుగా కుటుంబం చేతికిస్తే అది పరిహారం కిందికి రాదు. మూడు నెలల జీతం వరకు ముందుగా ఇచ్చిన సొమ్మును మాత్రం అసలులోంచి మినహాయించుకోవచ్చు. ఆ 50,000 ఆ పద్దు కిందికి రావచ్చు. పెద్దమనుషుల బాండు పేపరుతో చట్టపు హక్కు పోదని 17వ సెక్షన్ చెబుతోంది. అయినా నేను సంతకం వద్దనే అంటాను, ఎందుకంటే ఆ కాగితాన్ని చూపించి కేసును ఏళ్ల తరబడి లాగుతారు.

క్లెయిమ్ మరణించిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. మీకు 2026 నవంబరు గడువు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది గాని, దాని మీద ఆధారపడి కూర్చోవద్దు.

దేవరకొండ వాసి:

ధన్యవాదాలు. మిల్లులో ఇరవై మందికి పైగా పని చేస్తారు. ఈఎస్ఐలో పేరు లేనందుకు ఏమైనా తేడా ఉంటుందా? డబ్బు వస్తే అత్తగారికి, అక్కకు మధ్య మాట రాకుండా పంపకం ఎలా?

జవాబు 3 (న్యాయవాది, నల్లగొండ):

ఈఎస్ఐ సంగతి తేల్చుకోకుండా క్లెయిమ్ వేయకండి. పది మంది, అంతకు మించి పని చేసే మిల్లు ఈఎస్ఐ పరిధిలోకి వస్తుంది. నెల జీతం 21,000 లోపు వారికి వర్తిస్తుంది. చట్టం దృష్టిలో చందా కట్టినవారే కాదు, కట్టవలసి ఉన్నవారు కూడా బీమా పరిధిలోని వారే. అందువల్ల యజమాని రేపు ‘ఇది ఈఎస్ఐ కేసు’ అని ఈఎస్ఐ చట్టం 53వ సెక్షన్ చూపించి పరిహారం తప్పించుకోజూడవచ్చు. అలా జరిగినా మీకు నష్టమేమీ లేదు. ఈఎస్ఐలో సగటు వేతనంలో 90 శాతం ఆశ్రితులకు నెలనెలా వస్తుంది: 18,000 మీద సుమారు 16,200. భార్యకు ఐదింట మూడు వంతులు, పిల్లలకూ వితంతు తల్లికీ తలా ఐదింట రెండు వంతులు; మొత్తం మించిపోతే అదే దామాషాలో తగ్గిస్తారు. మీ ఇంట్లో అక్కకు 5,400, మిగతా ముగ్గురికి 3,600 చొప్పున పడుతుంది. కొడుకుకు 25 ఏళ్లు వచ్చేదాకా, కూతురికి పెళ్లయ్యేదాకా ఇస్తారు. ఈఎస్ఐ కార్యాలయంలో మిల్లు నమోదైందో లేదో రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబును దగ్గర పెట్టుకోండి.

పరిహార చట్టం కింద వెళితే భార్య, మైనరు కొడుకు, పెళ్లికాని కూతురు, వితంతు తల్లి అందరూ ఆశ్రితులే. పంపకం కమిషనర్ చేస్తారు గనుక మీ ఇంట్లో వాదన అవసరం లేదు. పిల్లల వాటాను సాధారణంగా డిపాజిట్‌లో ఉంచుతారు. చదువుకు కావలసి వచ్చినప్పుడు అక్క అర్జీ పెట్టుకోవచ్చు.

జవాబు 4 (నారాయణపేట, వలస కూలీ కుటుంబం):

పుణేలో, ముంబైలో మనవాళ్లు చనిపోయినా క్లెయిమ్ అక్కడే వేయనక్కర లేదు. ఆశ్రితులు ఉండే జిల్లాలో కూడా వేయవచ్చు. మా పాలమూరు వాళ్లకు ఇది చాలామందికి తెలియదు. మీకు ప్రమాద స్థలం, ఇల్లు రెండూ నల్లగొండ జిల్లాలోనే ఉన్నాయి కనుక ఆ చిక్కు లేదు. మధ్యవర్తులు వాటా అడిగితే మాత్రం ఇవ్వకండి. పరిహారపు సొమ్మును ఎవరికీ రాసివ్వకూడదని, అప్పులవాళ్లు జప్తు చేయకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.