పేదల సాయం కేంద్రం చేతిలో ఉండాలా, స్థానిక ప్రభుత్వం చేతిలోనా?

కొన్ని రోజులుగా ఇదే ఆలోచిస్తున్నానండీ, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. పేదవాళ్ళకి సాయం చేసే బాధ్యత అసలు ఎవరికి ఉండాలి? ఎవరింట్లో పొయ్యి వెలగలేదో దగ్గర్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది కాబట్టి స్థానిక ప్రభుత్వమే మేలని మొదట అనుకున్నాను. కానీ ఇంగ్లండ్‌లో 1601 చట్టం పేదల భారాన్ని ఒక్కో చర్చి పరిధి మీదే పెట్టింది, ఖర్చంతా అక్కడి పన్నుల్లోంచే, దాంతో రేపు మన మీద పడతారేమోనని కొత్తగా వచ్చిన పేదవాళ్ళని వెనక్కి పంపేసే అధికారం కూడా 1662లో ఇచ్చేశారు. మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయిన ఆ కుటుంబాలను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. పైగా పేదలు ఎక్కువ ఉన్న చోటే పన్నులు తక్కువ వస్తాయి, కరువొస్తే ఇంకా ఘోరం.

బ్రెజిల్‌లో 2003లో మొదలైన బోల్సా ఫమీలియా అనే, పేద కుటుంబాలకు నగదు ఇచ్చే పథకంలో డబ్బు కేంద్రానిది, కుటుంబాలను నమోదు చేసేది మునిసిపాలిటీలు. నాకు ఇదే సబబు అనిపిస్తోంది. మరి నమోదు చేసేవాళ్ళు అయినవాళ్ళ పేర్లు ఎక్కించి, నిజంగా గతిలేని వాళ్ళని వదిలేస్తే అడిగేదెవరు? ఆ తనిఖీ ఎవరి చేతిలో ఉండాలి? ఇలాంటి పనిలో ఉన్నవాళ్ళు మీరు కళ్ళారా చూసింది చెప్పండి, ప్లీజ్.