అప్‌డేట్: ట్రైనింగ్ కోర్స్ 'ఇన్‌కంప్లీట్' ముచ్చట తేలింది

పోయిన వారం అడిగిన కదా, మిర్యాలగూడల మా ఆఫీసోళ్లు సేఫ్టీ కోర్స్ మొత్తం చూసినా పోర్టల్‌ల 'ఇన్‌కంప్లీట్' అనే వస్తుందని. అందరికి థ్యాంక్స్. మీరు చెప్పిన క్యాష్ క్లియర్ చేసుడు, బ్రౌజర్ మార్చుడు, నెట్ స్లో, అవేం కాదు. ఒకలు ఎగ్జిట్ బటన్ చూడు అన్నరు కదా, అదే కరెక్ట్. సపోర్టాయన స్క్రీన్ షేర్ల చూసిండు, ఇది స్కార్మ్ (కోర్సు ఎంతవరకు అయిందో పోర్టల్‌కి చెప్పే ఒక పద్ధతి) కోర్సు, మాదాంట్ల ఎగ్జిట్ నొక్కితెనే అయిపోయినట్టు పోర్టల్‌కి పోతదట, మేమేమో పైన ఇంటు మార్క్ కొట్టి మూసేస్తున్నం. ఆ బటనేమో కింద మూలకు, బూడిద రంగు మీద బూడిద రంగు, ఎవలికి కనబడాలె? మా సీనియర్ సార్ ఫోన్‌ల అక్షరాలు పెద్దగ పెట్టుకున్నడు, ఆయనకైతే బటన్ స్క్రీన్ దాటే పోయింది, ఫాంట్ తగ్గిస్తె కనబడ్డది. మళ్ల మొదటికెళ్లి చూసే పని లేదు, ఆఖరి స్లైడ్ తెరిచి ఎగ్జిట్ కొట్టిన, గ్రీన్ టిక్ వచ్చింది. బటన్ పెద్దగ చెయ్యమని రాసిన, ఇంక జవాబు రాలే.