నాన్న ఫోన్‌లో ‘పీఎం కిసాన్’ ఫైల్ ఎక్కించేశారు, ముందు ఏం చేయాలి?

నరసన్నపేట కుర్రాడు:
నాది విజయనగరంలో ఉద్యోగం, అమ్మానాన్న నరసన్నపేట దగ్గర ఊళ్లో ఉంటారు. నిన్న రాత్రి మా వీధి చివరి మావయ్య వాట్సాప్ నుంచి నాన్నకి ‘పీఎం కిసాన్ కేవైసీ’ అని ఒక ఫైల్ వచ్చింది. విడత 2,000 పడలేదని ఆయన పది రోజులుగా రైతు సేవా కేంద్రం చుట్టూ తిరుగుతున్నారు. సరిగ్గా అప్పుడే ఇది. ‘మనోడు పంపితే ఏటవుద్దిరా’ అని నొక్కేశారు, అడిగినవాటన్నిటికీ ‘అలౌ’ కొట్టారు. తెల్లారేసరికి ఖాతాలో 18,500 లేదు. బ్యాంకు మెసేజ్ కూడా కనబడలేదు. మావయ్యకేమో అది తన ఫోన్ నుంచి వెళ్లిన సంగతే తెలీదు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదని నాన్న ఒట్టు పెడుతున్నారు. పోలీసులంటే ఊళ్లో పరువు పోతుందని టెన్షన్ ఆయనకి.

బొబ్బిలి వీణ:
ఇది చదవడం ఆపి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, వేరే ఫోన్ నుంచి. నేను బ్యాంకు కౌంటర్‌లో కూర్చునే మనిషిని, రోజూ చూస్తున్నాను. పోయిన డబ్బు గంటల్లోనే నాలుగైదు ఖాతాలు మారిపోతుంది. ఎక్కడైనా ఆగి ఉండగానే ఫిర్యాదు పడితే దాన్ని హోల్డ్‌లో పెట్టే వీలుంది.

ఓటీపీ ఆయన చెప్పక్కర్లేదండీ. మెసేజ్‌లు చదవడానికి ఒప్పేసుకున్నారుగా, ఆ ఫైల్‌తో ఫోన్‌లోకి ఎక్కిన యాప్పే చదివి మోసగాళ్లకి చేరవేస్తుంది. మావయ్య ఫోన్‌కీ ఇదే జబ్బు. అందుకే ఊరందరికీ ఆయన పేరుతో పోతోంది, వాట్సాప్ గ్రూపులో ఇప్పుడే చెప్పండి.

నాన్నగారి ఫోన్‌లో సిమ్ తీసేయండి, వైఫై కట్టేయండి. బ్యాంకుకి చెప్పి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. ఆ వాట్సాప్ మెసేజ్‌ని ఇంకో ఫోన్‌తో ఫోటో తీశాకే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి, తొందరపడి ముందే కొడితే ఆధారం పోతుంది. సిమ్‌ని వేరే ఫోన్‌లో వేసి ##002# డయల్ చేయండి, కాల్స్ ఎక్కడికైనా మళ్లిస్తుంటే ఆగిపోతాయి.

పలాస జీడిపప్పు:
పరువు అనుకుని నేనూ నోరు మూసుకున్నాను, అదే నా తప్పు. మిలిటరీ క్యాంటీన్‌కని 40 కిలోల పప్పు ఆర్డరిచ్చాడొకడు. అడ్వాన్సు పంపుతాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండన్నాడు. కొట్టాను, 6,000 నా ఖాతాలోంచే పోయింది. డబ్బు రావడానికి పిన్ దేనికని మా ఆవిడ అడిగింది, అయిపోయాక! ఇంటర్ చదివిన నాకు తట్టలేదు.

ఇంకో మాట. ‘మీవాడు కేసులో దొరికాడు’ అని కూడా ఫోన్లు వస్తున్నాయి. అందుకే మా ఇంట్లో ఒక ప్రశ్న పెట్టుకున్నాం, బయటివాడు జవాబు చెప్పలేనిది.

నరసన్నపేట కుర్రాడు:
మధ్యాహ్నానికి 1930లో ఫిర్యాదు నమోదైంది, బ్యాంకులోనూ ఇచ్చాను. 11,000 ఏదో ఖాతాలో హోల్డ్ అయిందట, చేతికి ఎప్పుడొస్తుందో చూడాలి. మిగతాది వెళ్లిపోయినట్టే. స్టేషన్‌కి నాన్నే వచ్చారు, దారంతా మావయ్యని తిడుతూ.

ప్రశ్న కూడా పెట్టుకున్నాం, ‘మన ఆవు పేరేటి’ అని. సాయంత్రం ఆఫీసు నంబర్ నుంచి చేస్తే నాన్న అదే అడిగారు. ‘మల్లి’ అన్నాను. ‘అది పోయిన ఏడే అమ్మేశాం’ అని ఫోన్ పెట్టేశారు.