‘సంకీర్ణ మూలాలు’: ఇక్కడ సంకీర్ణం అంటే క్లిష్టం కాదు

సమీకరణాల సాధనల్లో ‘కాంప్లెక్స్ రూట్స్’ అనేవాటిని సంకీర్ణ మూలాలు అనడం కంటే సంక్లిష్ట మూలాలు అంటే పిల్లలకు సులువుగా అర్థమవుతుంది కదా అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. నేను అంగీకరించలేను. సంక్లిష్టంలో ఉన్నది క్లేశం. ఆ మాట వినగానే పిల్లవాడు లెక్క చూడకముందే భయపడతాడు. సంకీర్ణం అంటే కలగలిసినది. సంకీర్ణ ప్రభుత్వం అన్నప్పుడు వేర్వేరు పక్షాలు కలిసి ఏర్పరచినదనే మనమందరం అర్థం చేసుకుంటున్నాం గదా! 1831లో జర్మన్ గణితవేత్త గౌస్ ఈ సంఖ్యలకు వాడిన లాటిన్ మాటకు కూడా పెనవేసుకొన్నది అనే అర్థమే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట ఉండి ఇంటర్ చదువుతున్న మేనకోడలు మొన్న ఒక లెక్క చేసింది: ఎక్స్ వర్గంలోంచి 4 ఎక్స్ తీసివేసి 13 కలిపితే సున్నా. మూలాలు ఎలాంటివో తెలిపే విచక్షణి 16 − 52, అంటే −36 రాగానే ‘మూలాలు లేవు’ అని రాసి కలం పెట్టేసింది. పదో తరగతిలో నేర్చిన వాక్యం ‘వాస్తవ మూలాలు లేవు’. అందులోని విశేషణం జారిపోయేసరికి లెక్క అక్కడే ఆగిపోయింది. −1 వర్గమూలాన్ని ఐ అంటారు కనుక −36కు వర్గమూలం 6ఐ అని చెప్పాక, సూత్రం ప్రకారం 4కు 6ఐ ఒకసారి కలిపి, ఒకసారి తీసివేసి, రెండింటినీ 2తో భాగించి 2 + 3ఐ, 2 − 3ఐ అని తానే రాసింది. వాస్తవ భాగం 2, ఐతో ఉన్న కల్పిత భాగం ఒకదానిలో 3, మరొకదానిలో −3: సంకీర్ణం అన్న మాట కాగితం మీద కంటికి కనిపిస్తుంది.

భాస్కరాచార్యుడు 1150 నాటి బీజగణితంలో ‘న మూలం క్షయస్యాస్తి తస్యాకృతిత్వాత్’ అన్నాడు. ఋణసంఖ్య దేనికీ వర్గం కాదు కనుక దానికి మూలం లేదని అర్థం. ఆయన ఎరిగిన సంఖ్యల వరకు అది నూటికి నూరుపాళ్లూ సరైన మాట. మనం ‘వాస్తవ’ అనే విశేషణం చేర్చవలసి వచ్చింది ఆ తరువాత సంఖ్యలు పెరిగినందువల్లనే.

నాకు అసంతృప్తి ఉన్నది ‘కల్పిత’ అనే మాట మీద. 1637లో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ పెట్టిన ‘ఇమాజినరీ’ అనే పేరును మనం తెలుగు చేసుకొన్నాం. అయితే పై రెండు మూలాలను గుణిస్తే, 2ను 2తో గుణించగా వచ్చే 4, 3ఐని −3ఐతో గుణించగా వచ్చే 9 కలిసి 13 వస్తుంది. అది సమీకరణంలోని స్థిరపదమే. ఆ 9ని ఇచ్చినవి ‘కల్పితం’ అన్న భాగాలే కాబట్టి వాటికి ఇంకా తగిన పేరు ఎవరికైనా తోస్తే దయచేసి ఇక్కడ రాయగలరు.