రిఫ్రెష్ కొట్టాక సైట్ ఇంకా పాడైంది, ఎందుకు?

కొత్త_కోడర్:
నిన్న రాత్రి ఒకరి సైట్ డిజైన్ మార్చాను. మెనూ పైన అడ్డంగా వచ్చేలా, పేజీలో ఏమేం ఉండాలో చెప్పే హెచ్‌టీఎంఎల్‌లో క్లాస్ పేర్లు (ఏ భాగానికి ఏ డిజైన్ పడాలో చెప్పే గుర్తులు) మార్చి, ఆ డిజైన్ రాసి ఉండే స్టైల్.సీఎస్ఎస్ ఫైల్ మొత్తం తిరగరాసి, అదే పేరుతో సర్వర్‌లో పెట్టేశాను. నా లాప్‌టాప్‌లో అద్దంలా ఉంది. యజమానికి మాత్రం పొద్దున పాత డిజైనే వచ్చిందట, సరే రిఫ్రెష్ కొట్టండి అన్నాను. కొట్టాక పాతదీ లేదు, కొత్తదీ లేదు. మెనూలోని ఏడు లింకులూ ముందు నల్ల చుక్కలతో ఒకదాని కింద ఒకటి వచ్చాయి, లోగో స్క్రీనంతా నిండిపోయింది. ఆయన పంపిన స్క్రీన్‌షాట్ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రిఫ్రెష్ చేస్తే బాగుపడాలి గానీ పాడవడమేంటండీ? కోడ్‌లో తప్పుందేమోనని టెన్షన్‌గా ఉంది.

షిఫ్ట్_మర్చిపోకు:
కోడ్ బాగానే ఉంది, క్యాష్ సమస్య, అంటే బ్రౌజర్ ముందే దాచుకున్న పాత ఫైళ్లని వాడేస్తోంది. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కమనండి, మ్యాక్ అయితే కంట్రోల్ బదులు కమాండ్. ఫోన్‌లో ఆ మీటలు ఉండవు కాబట్టి సెట్టింగ్స్‌లో బ్రౌజింగ్ డేటా దగ్గరికెళ్లి, దాచుకున్న ఫొటోలు, ఫైళ్లు అన్న దానికి మాత్రమే టిక్ పెట్టాలి. కుకీలు కూడా తుడిచేస్తే అన్ని సైట్లలోంచీ లాగౌట్ అయిపోయి ఆయన మిమ్మల్ని తిట్టుకుంటారు.

పాతకాపు:
పై సలహా యజమాని ఒక్కడికి పనికొస్తుంది. సైట్‌కి వచ్చే ప్రతివాడికీ ఫోన్ చేసి మూడు మీటలు నొక్కమని చెప్పలేం కదా.

మీరు చెప్పినదాంట్లో అసలు ఆధారం ఒకటుంది: రిఫ్రెష్‌కి ముందు పాతది బాగానే ఉంది, తర్వాతే విరిగింది. క్రోమ్‌లో మామూలు రీలోడ్ కొడితే అసలు పేజీ గురించి మాత్రమే సర్వర్‌ని అడుగుతుంది, ఆ పేజీ వాడే సీఎస్ఎస్, ఫొటోలకి గడువు ఇంకా మిగిలి ఉంటే వాటి జోలికి పోకుండా తన దగ్గరున్నవే వాడేస్తుంది. అంటే ఆయనకి కొత్త హెచ్‌టీఎంఎల్ వచ్చింది, సీఎస్ఎస్ పాతదే మిగిలింది. కొత్త క్లాస్ పేర్లు ఆ పాత ఫైల్లో లేవు, అందుకే చుక్కలు. షిఫ్ట్ కలిపి నొక్కితే క్యాష్‌ని పక్కనపెట్టి అన్నీ మళ్లీ తెస్తుంది, తేడా అంతే.

ఇక మీ లాప్‌టాప్‌లో బాగుండటానికి కారణం, మీరు డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో డిసేబుల్ క్యాష్ (దాచుకున్నవి వాడొద్దు) అన్న టిక్ పెట్టుకుని ఉంటారు. అది తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది. మూసేసి చూడండి. ఈ టిక్ వల్ల నేనే ఎన్నిసార్లు బోల్తా పడ్డానో లెక్కలేదు. అలాగే ఫైళ్లని ఎంతకాలం దాచుకోవచ్చో బ్రౌజర్‌కి చెప్పే క్యాష్-కంట్రోల్ అనే హెడర్‌లో మీ సర్వర్ ఏం పంపుతోందో చెప్పండి.

కొత్త_కోడర్:
టిక్ ఉంది సార్, నిజమే 🤦 హెడర్‌లో మాక్స్-ఏజ్ 31536000 అని ఉంది. సైట్ వేగంగా రావాలని ఎక్కడో చూసి, సర్వర్ సెట్టింగ్స్ ఉండే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో అతికించిన లైన్ అది, అన్ని ఫైళ్లకీ పడింది, హెచ్‌టీఎంఎల్‌కి కూడా. సీఎస్ఎస్ లింక్ చివర క్వశ్చన్ మార్క్ పెట్టి వి=2 అని రాస్తే, బ్రౌజర్ దాన్ని కొత్త ఫైల్ అనుకుని తెచ్చుకుంటుందట, అది సరిపోతుందా?

పాతకాపు:
ఆ అంకె సెకన్లలో, అంటే 365 రోజులు. సీఎస్ఎస్‌కి అది మంచిదే, మారినప్పుడల్లా పేరు మారిస్తే. హెచ్‌టీఎంఎల్‌కి మాత్రం పెట్టకూడదు, ఎందుకంటే కొత్త పేరు ఏమిటో బ్రౌజర్‌కి తెలిసేది ఆ పేజీలోంచే, అదే ఏడాది పాతదైతే మీ వి=2 ఎవడికి కనిపిస్తుంది? పేజీకి నో-క్యాష్ పెట్టండి. పేరు చూసి అసలు దాచుకోదేమో అనుకుంటారు చాలామంది, కాదు, దాచుకుంటుంది గానీ వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ని అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అని చిన్న జవాబిచ్చి ఊరుకుంటుంది, పేజీ మళ్లీ పంపదు. అసలే దాచొద్దు అనడానికి వేరేది ఉంది, నో-స్టోర్.

వి=2 కంటే ఇప్పుడు మీకు వేరే ఫైల్ పేరే నయం. పాత పేజీ దాచుకున్నవాళ్లు చాలామంది ఉండి ఉంటారు, వాళ్ల బ్రౌజర్‌లో సీఎస్ఎస్ ఒక్కటీ చెరిగిపోతే ఆ పాత పేజీ మళ్లీ స్టైల్.సీఎస్ఎస్ కోసమే వస్తుంది, అక్కడ కొత్తది ఉంటే ఈసారి తిరగబడి విరుగుతుంది. కాబట్టి ఆ పేరు మీద పాత ఫైల్‌నే తిరిగి పెట్టి, కొత్తదాన్ని స్టైల్-2 అనండి.

షిఫ్ట్_మర్చిపోకు:
ఇది నాకూ తట్టలేదు. ఒక మాట, సైట్‌లో సర్వీస్ వర్కర్ (బ్రౌజర్‌లో ఉండి ఫైళ్లు దాచి ఇవ్వగల స్క్రిప్ట్) గానీ, ముందు సీడీఎన్ (మీ ఫైళ్ల కాపీలు పెట్టుకుని మీ సర్వర్ బదులు పంపే సర్వర్లు) గానీ ఉంటే అవీ చూసుకోండి. సీడీఎన్ దగ్గర పాత కాపీ ఉంటే బ్రౌజర్‌లో ఎంత తుడిచినా అదే వస్తుంది, దాని కంట్రోల్ ప్యానెల్లోకెళ్లి పర్జ్ కొట్టి ఆ కాపీ తీసేయాల్సిందే.

కొత్త_కోడర్:
ఆ రెండూ లేవు. బ్యాకప్‌లోంచి పాత సీఎస్ఎస్ తెచ్చి దాని పేరు మీదే ఉంచాను, కొత్తది స్టైల్-2 అయింది, పేజీలకి నో-క్యాష్ పడింది. యజమాని ఫోన్‌లో ఒక్కసారి మామూలుగా రీలోడ్ చేస్తే మెనూ అడ్డంగా వచ్చేసింది, ఏమీ తుడవక్కర్లేకపోయింది. నా నెట్‌వర్క్ ట్యాబ్‌లో టిక్ తీసేసి చూస్తే పేజీ పక్కన 304, స్టైల్-2 పక్కన డిస్క్ క్యాష్ అని వస్తోంది.

ఆయనేమో స్క్రీన్ నిండా కనిపించిన ఆ లోగో సైజు బాగుంది, కొంచెం పెంచరాదూ అంటున్నారు. స్టైల్-3 మొదలు.